తప్పు మిషన్‌ది, శిక్ష మనిషికా?

కంప్యూటర్ పేరు వింటే మన పాలకులకు ఎక్కడలేని హుషారు వస్తుంది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు ఇక పాలనంతా బటన్ నొక్కితే నడుస్తుందన్నంత ప్రచారం జరిగింది. అదే ఏడాది వరంగల్ జిల్లాలో పత్తి రైతులు ప్రాణాలు తీసుకుంటున్నారు. ఆ సర్కారు పోయింది. తర్వాత ఇంకొన్ని వచ్చాయి, పోయాయి. 2014లో మన రాష్ట్రమూ వచ్చింది. ఒక్కటి మాత్రం మారలేదు. కంప్యూటర్ సరిగ్గా నడిస్తే పేరు మంత్రికి, తప్పితే గోస జనానికి.

మేం కంప్యూటర్‌ను వద్దనడం లేదు. కులం సర్టిఫికెట్ కోసం తహసీల్ ఆఫీసు చుట్టూ పది రోజులు తిరిగే బాధ మీసేవతో తగ్గితే సంతోషమే. మా ప్రశ్న వేరు. తప్పు జరిగిన రోజు ఎవరిని నిలదీయాలి?

2019 ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలు వచ్చాయి. అంతకుముందు సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ చేసే పనిని ఇంటర్ బోర్డు గ్లోబరీనా అనే ప్రైవేటు సంస్థకు అప్పగించింది. పరీక్ష రాసిన పిల్లలకు రాయలేదని మెమోలు వచ్చాయి. మూడు లక్షల మందికి పైగా ఫెయిలయ్యారు. ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తల్లిదండ్రులు, విద్యార్థి సంఘాలు నాంపల్లిలో బోర్డు గేటు ముందు బైఠాయిస్తే గానీ సర్కారుకు మెలకువ రాలేదు. ముగ్గురు సభ్యులతో కమిటీ వేశారు. సంస్థ పనిలో సాంకేతిక లోపాలున్నాయని, మరో సంస్థతో సమాంతరంగా సరిచూడాలని కమిటీ చెప్పింది. ఫెయిలైన అందరి పేపర్లూ ఉచితంగా మళ్లీ చూస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు.

చనిపోయిన పిల్లల మార్కుల్లో తప్పు లేదని బోర్డు వాదించింది. ఆ మాటే నిజమనుకుందాం. ఎవరి మెమో నిజమో, ఎవరిది అబద్ధమో బోర్డుకే తెలియని ఆ వారం రోజులు ఆ పిల్లలకు ధైర్యం చెప్పాల్సింది ఎవరు?

శిక్షలు ఎవరికి పడ్డాయో కూడా చూడండి. ఒక అమ్మాయికి తెలుగులో 99 మార్కులు వస్తే మెమోలో సున్నా వచ్చింది. వలయాలు తప్పుగా దిద్దిన ప్రైవేటు టీచరుకు ఐదు వేల జరిమానా వేశారు, కొలువు ఊడింది. సరిచూడాల్సిన లెక్చరర్‌ను సస్పెండ్ చేశారు. వాళ్ల తప్పు వాళ్లదే, కాదనం. కానీ 99 మార్కులను సున్నాగా చూపించినా ఎక్కడా ఎర్రదీపం వెలగని పద్ధతిని కొన్నదెవరు? దాన్ని పరీక్షించకుండా లక్షల మంది పిల్లల మీద వదిలిందెవరు? విద్యామంత్రి రాజీనామా చేయలేదు. కింది మనిషిని పట్టుకుని పైమనిషిని వదిలేయడం కొత్తేమీ కాదు. ఇప్పుడు దానికి కంప్యూటర్ చాటు దొరికింది.

రేషన్ కార్డుల సంగతి ఇంకా ఘోరం. 'సమగ్ర వేదిక' పేరుతో వేర్వేరు శాఖల రికార్డులను కలిపి, పేర్లు పోల్చి, ఎవరు పేదో ఎవరు కాదో మిషన్‌తో తేల్పించారు. రిక్షా తొక్కే మనిషి పేరు ఎవరిదో కారు ఓనర్ పేరుతో కలిసింది. ఆ ఇంటికి బియ్యం ఆగాయి. నోటీసు లేదు, ఇంటికొచ్చి చూసినవాడు లేడు. రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను ఇంటింటికీ వెళ్లి తనిఖీ చేయాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ లెక్కలు ఎలా వేస్తున్నారో చూపించమని సమాచార హక్కు కింద అడిగితే, సాఫ్ట్‌వేర్ మీద కంపెనీకి హక్కులున్నాయని జవాబు వచ్చింది. పేదవాడి కంచంలో అన్నం తీసేయడం ప్రభుత్వ నిర్ణయమట, ఎందుకు తీసేశారన్నది మాత్రం కంపెనీ రహస్యమట!

భూమి దగ్గరా ఇదే కథ. 2020లో వీఆర్వోలను తీసేసి, అక్టోబర్ 29న ధరణి తెచ్చారు. పోర్టల్ నిర్వహణ టెర్రాసిస్ అనే ప్రైవేటు కంపెనీది. సొంత పట్టా భూమి నిషేధిత జాబితాలో కనిపిస్తే రైతు ఎవరిని అడగాలి? ఊళ్లో అడగడానికి మనిషి లేడు. తహసీల్దార్ నా చేతిలో లేదన్నాడు. కలెక్టర్ దగ్గర ఫైళ్లు గుట్టలు పడ్డాయి. 2024లో నిర్వహణ ఎన్ఐసీకి మారింది, 2025లో భూభారతి వచ్చింది. పేర్లు మారాయి సరే, అన్నేళ్లు రైతు పెట్టుకున్న బస్సు చార్జీలు, పోగొట్టుకున్న కూలి రోజులు ఎవరి ఖాతాలో రాస్తారు?

ఇది మన దగ్గరి వెనుకబాటుతనమేమీ కాదు. బ్రిటన్ పోస్టాఫీసుల్లో ఫుజిత్సు కంపెనీకి చెందిన హొరైజన్ సాఫ్ట్‌వేర్ లేని లోటును చూపించింది. దాన్ని నమ్మి 1999 నుంచి 2015 దాకా 900 మందికి పైగా చిన్న పోస్ట్‌మాస్టర్లను దొంగలుగా తేల్చారు. కొందరు జైలుకు పోయారు. చాలామందికి 'ఇట్లా నీ ఒక్కడికే అయింది' అని చెప్పారు. ఆ అబద్ధం ఎప్పుడు పగిలింది? అలన్ బేట్స్ అనే పోస్ట్‌మాస్టర్ తనలాంటి వాళ్లను వెతికి, 555 మందిని కూడగట్టి కోర్టుకు పోయినప్పుడు. సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయని 2019లో లండన్ హైకోర్టు తేల్చింది. 2024లో పార్లమెంటు చట్టం చేసి ఆ శిక్షలు రద్దు చేసింది.

మనం అడగాల్సినవి పెద్ద కోరికలేమీ కావు. జనం బతుకును తాకే ప్రతి సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టునూ బయట పెట్టాలి. పాత పద్ధతితో పక్కపక్కన నడిపి సరిచూసిన తర్వాతే కొత్తది వాడాలి. నోటీసు ఇవ్వకుండా, మనిషి వచ్చి చూడకుండా ఎవరి కార్డూ, ఎవరి పింఛనూ, ఎవరి పట్టా ఆపకూడదు. తప్పు జరిగితే జవాబు చెప్పే అధికారి పేరు ముందే ప్రకటించాలి. కంపెనీ తప్పుకు కంపెనీయే పరిహారం కట్టాలని ఒప్పందంలోనే రాయాలి.

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. పైవాళ్లు కొన్న సాఫ్ట్‌వేర్ తప్పు రేపు మీ లాగిన్ మీదే పడుతుంది. లోపం కనిపించిన రోజే రాతపూర్వకంగా పైకి పంపండి, కాపీ దగ్గర పెట్టుకోండి. మీ సంఘాలు జీతాల గురించి మాట్లాడినట్టే దీని గురించీ మాట్లాడాలి. విద్యార్థులారా, 2005 నాటి సమాచార హక్కు చట్టం మీ చేతిలో ఉంది. మీ మార్కులు ఎవరు లెక్కిస్తున్నారో, ఏ ఒప్పందం మీద లెక్కిస్తున్నారో ఇప్పుడే అడగండి. ఫలితాలు వచ్చాక గేటు ముందు కూర్చోవడం కంటే, పరీక్షలకు ముందే దరఖాస్తు పెట్టడం మేలు.