తాగని వారికి లివర్ జబ్బా?



ఈ నెల మాకు అందిన ఉత్తరములలో ఒకటి మమ్మును చాలా బాధపెట్టినది. ఒక సహోదరి వ్రాసినారు. ఆమె భర్త సంఘ పెద్ద. ఏనాడూ సారా, కల్లు ముట్టినవారు కారు. కడుపునొప్పికి పట్టణములో స్కానింగు తీయించగా లివర్‌కు కొవ్వు పట్టినదన్నారు. ఆ మాట ఊరిలో పాకినది. "చాటుగా తాగుతున్నాడేమో" అని కొందరు గుసగుసలాడారు. ఆ అవమానముతో ఆయన రెండు నెలలుగా ప్రభువు బల్లకు రావడము లేదట.

సహోదరీ, తాగుడు లివర్‌ను పాడుచేయునన్నది నిజమే. అయితే ఏనాడూ తాగనివారికి కూడా లివర్‌లో కొవ్వు చేరుతుంది. ఇది మన దేశములో ఎంతగా ఉన్నదంటే, షుగరు, గుండె జబ్బులు, కాన్సరు నివారణకై నడిచే ప్రభుత్వ కార్యక్రమములో 2021లో దీనిని కూడా చేర్చారు.

ఇది ఎలా వస్తుంది? మనము తిన్న అన్నము చక్కెరగా మారి రక్తములో చేరుతుంది. దానిలో కొంత లివర్ దాచుకొంటుంది, ఎక్కువ భాగము కండలు తీసుకొంటాయి. కండ దేవుడు మనకిచ్చిన గాదె వంటిది. పని చేస్తే గాదె ఖాళీ అవుతుంది. పని తగ్గి, కండ కరిగితే గాదెలో చోటుండదు. మిగిలిన చక్కెరను లివర్ కొవ్వుగా మార్చుకొంటుంది. లివర్‌లో కొవ్వు నూటికి 5 పాళ్లు మించితే ఫ్యాటీ లివర్ అంటారు.

"మావారు లావు కాదే" అని మీరు అడిగారు. మన దేశస్థులలో కాళ్లు చేతులు సన్నగా ఉండి, పొట్ట ముందుకు వచ్చినవారు చాలామంది. నాగలి పోయి ట్రాక్టరు వచ్చినది, నడక పోయి మోటారు సైకిలు వచ్చినది. పళ్లెములో అన్నము మాత్రము తగ్గలేదు. టేపుతో నడుము కొలవండి. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి.

బరువు ఎక్కువున్నవారు నూటికి 5 పాళ్లు తగ్గితే లివర్‌లో కొవ్వు తగ్గుతుంది. 7 నుండి 10 పాళ్లు తగ్గితే వాపు కూడా తగ్గే అవకాశమున్నది. వారములో 5 రోజులు అరగంట వేగముగా నడవండి. కండ పెరుగుటకు బరువు పనులు కూడా చేయండి. అన్నము తగ్గించి పప్పు, గ్రుడ్డు, చేప, కూరలు పెంచండి. తీపి టీలు, కూల్ డ్రింకులు మానండి. షుగరు పరీక్ష చేయించండి. పసరు మందుల జోలికి పోవద్దు. వాటిలో కొన్ని లివర్‌నే దెబ్బతీస్తాయి.

ఒక హెచ్చరిక. లివర్ గట్టిపడి సిరోసిస్ వచ్చినవారి సంగతి వేరు. వారి లివర్‌లో నిల్వ తక్కువ గనుక రాత్రికి రాత్రే దేహము తన కండనే కరిగించుకొంటుంది. పొట్టలో నీరు చేరినందున ఆ చిక్కిపోవడము బరువులో కనబడదు. అట్టివారు ఉపవాస ప్రార్థనలో ఉపవాసము విడిచి, ప్రార్థనలో మాత్రము పాల్గొనవలెను. పడుకొనే ముందు కొంచెము తినవలెను. డాక్టరు చెప్పనిదే పప్పు, గ్రుడ్లు మానరాదు.

మన దేహము దేవుని ఆలయమని 1 కొరింథీ 6వ అధ్యాయములో చదువుతాము. నాలుకను గూర్చి యాకోబు పత్రిక 3వ అధ్యాయము కూడా మన బైబిలులోనే ఉన్నది. స్కానింగు కాగితము ఎవరి సాక్ష్యమునకూ కొలబద్ద కాదు.

సహోదరీ, ఈ పేజీ మీ కాపరిగారికి చూపించండి. వచ్చే ఆదివారము మీవారితో కలిసి బల్లకు నడిచి రండి. ఆ నడక ఆయన లివర్‌కు కూడా మంచిదే.