వంటింటి గుమ్మంలోంచి చూస్తే ఏ టీవీ మంచిది?

బియ్యం కొనాలన్నా, మిక్సీ కొనాలన్నా ఇంట్లో మన మాటే చెల్లుతుంది. టీవీ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇంట్లో మగవాళ్లంతా ఒక్కసారిగా ఇంజనీర్లైపోతారు. "నీకవన్నీ అర్థం కావులే" అంటారు మావారు. "అమ్మా, అది టెక్నాలజీ" అంటాడు పుత్రరత్నం. మనలో చాలామంది "సర్లే, బొమ్మ కనిపిస్తే చాలు" అని ఊరుకుంటారు. ఊరుకోకూడదంటాను నేను. ఆ టీవీకి పోసే 35 వేలో 40 వేలో చాలా ఇళ్లల్లో ఆడవాళ్లు నెలనెలా చీటీ కట్టి కూడబెట్టినవే. పైగా పొద్దున్నుంచి రాత్రిదాకా ఆ తెర ముందు తిరిగేది మనమే.

పోనీ ఆ టెక్నాలజీ అంత బ్రహ్మవిద్యా అంటే, అదీ కాదు. సగం పేర్ల గారడీ. నేను చదివింది బీఏ తెలుగు. సైన్సు రాకపోయినా సమాసాలు వచ్చు. వాటితోనే లెక్క తేలుస్తా చూడండి.

శాకపార్థివుడు అంటే శాకప్రియుడైన పార్థివుడు. మధ్యలో 'ప్రియ' ఎగిరిపోయింది. దీన్ని మధ్యమపదలోపి సమాసం అంటారు. 'ఎల్ఈడీ టీవీ' కూడా సరిగ్గా అదే. ఇక్కడ ఎగిరిపోయిన మాట 'ఎల్‌సీడీ'. విగ్రహవాక్యం చెప్పాలంటే, వెనక ఎల్ఈడీ దీపాలు పెట్టిన ఎల్‌సీడీ టీవీ. ఎల్‌సీడీ తెరకి సొంత వెలుగు ఉండదు. మన తోలుబొమ్మలాటలో లాగా వెనక దీపం వెలిగితేనే ముందు బొమ్మ కనిపిస్తుంది. ఒకప్పుడు ఆ దీపం సన్నటి ట్యూబులైటు, తర్వాత ఎల్ఈడీలు వచ్చాయి. దీపం మారితే ఆట పేరే మార్చేశారు. ఇది నా ఒక్కదాని చాదస్తం కాదు. ఒక పెద్ద కంపెనీ ఇచ్చిన 'ఎల్ఈడీ టీవీ' ప్రకటన జనాన్ని తప్పుదారి పట్టించేలా ఉందని బ్రిటన్‌లో ప్రకటనల తప్పొప్పులు చూసే సంస్థ 2009లోనే తేల్చింది.

ఆ తర్వాత వచ్చింది 'క్యూఎల్ఈడీ'. అదీ ఎల్‌సీడీయే. వెనక దీపానికీ తెరకీ మధ్య క్వాంటమ్ డాట్స్ అనే అతి సూక్ష్మమైన రేణువులున్న పొర ఒకటి పరుస్తారు. దానివల్ల రంగులు ఇంకాస్త నిండుగా వస్తాయి, కాదనను. కానీ దాన్ని 'ఓఎల్ఈడీ'కి అక్కలాగానో చెల్లెల్లాగానో చూపించి అమ్మడం ఉంది చూశారూ, అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. ఇంగ్లీషు 'ఓ'కి కింద ఓ తోక తగిలిస్తే 'క్యూ' అవుతుంది. కిటుకంతా ఆ తోకలోనే ఉంది. నిజానికి ఆ రెండింటికీ చుట్టరికమే లేదు.

ఓఎల్ఈడీలో వెనక దీపమే ఉండదు. తెరమీద ప్రతి చుక్కా దీపావళి నాటి ప్రమిదలా తనంతట తానే వెలుగుతుంది. ఆరిపోతే అక్కడ చిమ్మచీకటి. అందుకే దాంట్లో నలుపు నిజంగా నలుపు. బొమ్మ విషయంలో దాన్ని మించింది లేదనే ఒప్పుకుంటాను. కానీ అది మన బడ్జెట్‌లోది కాదు. పైగా పగలంతా ఒకే న్యూస్ ఛానెల్ పెట్టి, కింద స్క్రోలింగూ మూలన లోగోా కదలకుండా నిలబెడితే, కొన్నాళ్లకి ఆ గుర్తులు తెరమీద మరకల్లా ఉండిపోయే ప్రమాదం ఉంది. దాన్ని తప్పించే ఏర్పాట్లు కంపెనీలు చేస్తున్నాయి, అయినా ప్రమాదం పూర్తిగా పోలేదు. ఇక 'మినీ ఎల్ఈడీ' అంటే వెనక దీపాలు బాగా చిన్నవి, బాగా ఎక్కువ. బొమ్మలో చీకటి ఉన్నచోట వాటిని గుంపులు గుంపులుగా తగ్గిస్తారు. ఎన్ని గుంపులో అడగండి. ఆ సంఖ్య చెప్పలేకపోతే పేరుకి మాత్రం డబ్బులివ్వకండి. పేరు గొప్ప ఊరు దిబ్బ కాకూడదు కదా.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. ఈ పేర్ల పోలికలన్నీ ఎవరి కోసం చేస్తారో గమనించారా? టీవీకి సరిగ్గా ఎదురుగా, సోఫా మధ్యలో కాలు మీద కాలేసుకుని కూర్చునే మనిషి కోసం. మనం ఎక్కడినుంచి చూస్తాం? వంటింటి గుమ్మంలో నిలబడి, కొత్తిమీర వలుస్తూ, ఒక చెవి కుక్కర్ విజిల్‌కి అప్పగించి పక్కనుంచి చూస్తాం. అత్తయ్యగారు గోడ వార దివాన్ మీద పడుకుని చూస్తారు. మన బడ్జెట్‌లో ఈ పక్కచూపే ముఖ్యం. ఆ మాట షాపులో ఎవరూ ఎత్తరు.

ఎల్‌సీడీ తెరల్లో ముఖ్యంగా రెండు రకాలు. వీఏ అనేదాంట్లో నలుపు బాగుంటుంది, కానీ పక్కకి జరిగితే రంగులు వెలిసిపోతాయి. ఐపీఎస్ అనేదాంట్లో నలుపు కాస్త బూడిదరంగుకి తిరుగుతుంది, కానీ పక్కనుంచి చూసినా మొహాలు మొహాల్లాగే ఉంటాయి. రాత్రి లైట్లార్పి ఎదురుగా కూర్చుని సినిమా చూసే ఇంటికి వీఏ మేలు. పగలు తలో మూలనుంచీ చూసే ఇంటికి ఐపీఎస్ మేలు. డబ్బా మీద పేద్ద అక్షరాలతో 'క్యూఎల్ఈడీ' అని వేస్తారు. ఈ ముక్క మాత్రం చాలాసార్లు ఎక్కడా ఉండదు. ఎక్కువ డబ్బు పోసి కొన్న క్యూఎల్ఈడీ గుమ్మం దగ్గరినుంచి వెలిసిన చీరలా కనిపించవచ్చు. తక్కువకి వచ్చిన మామూలు ఎల్ఈడీ శుభ్రంగా కనిపించవచ్చు.

మా ఊళ్లో ఓ పెద్ద షోరూంలో "ఇది వీఏనా, ఐపీఎస్సా?" అని నేనడిగితే, ఆ అబ్బాయి మావారి వైపు తిరిగి "సార్, ఇది ఫోర్‌కే సార్" అన్నాడు. అడిగింది నేను, జవాబు ఆయనకి. అదీ నేనడగని ప్రశ్నకి!

ఆ ఫోర్‌కే సంగతీ చూద్దాం. ఫోర్‌కే తెరలో నిలువునా 2160 వరసలుంటాయి. మన సెట్‌టాప్ బాక్సులో మామూలు ఎస్‌డీ ఛానెల్ వచ్చేది 576 వరసల్లోనే. ఆ ఒక్కో వరసని దాదాపు నాలుగుగా సాగదీసి చూపించాలి. అట్ల పిండిలో నీళ్లు ఎక్కువైతే ఏమవుతుందో మనకి తెలుసు. షాపులో మాత్రం ఎప్పుడూ రంగురంగుల చిలకలు, సముద్రాలు, ధారగా కారే తేనె. ఆ వీడియో దానికోసమే తీసింది, టీవీ కూడా రంగులు మండిపోయే మోడ్‌లో ఉంటుంది. 'హెచ్‌డీఆర్' స్టిక్కర్ కూడా అంతే. ఆ సిగ్నల్ తీసుకోగలదని దాని అర్థం. దానికి తగ్గ వెలుగు తెరకి ఉందో లేదో వేరే సంగతి. టికెట్టుంది గానీ బస్సులో సీటు లేనట్టు.

"మరి క్రికెట్టో? పిల్లల గేములో?" అంటారని తెలుసు. చూడనివ్వండి, ఆడనివ్వండి. వాళ్ల అవసరం వద్దనడం లేదు. వాళ్ల అవసరాన్ని 'టెక్నాలజీ' అనీ, మన అవసరాన్ని 'సర్దుకుపోవడం' అనీ అనొద్దంటున్నాను. అందరి డబ్బుతో కొనే వస్తువుకి అందరి కళ్లూ కొలమానం కావాలి.

ఇంకో ముచ్చట. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. పన్ను కాక 32 వేలున్న టీవీ అప్పట్లో 40,960 అయ్యేది, ఇప్పుడు 37,760. మిగిలింది 3,200. "ఎలాగూ తగ్గింది కదా మేడం, ఇంకాస్త వేస్తే క్యూ వస్తుంది" అని ఆ మిగులు మీదే కన్నేస్తారు. ఆ డబ్బు మన కొంగుముడిలోనే ఉండనివ్వండి. లేదా మాటలు స్పష్టంగా వినిపించే ఓ స్పీకరుకి పెట్టండి, పెద్దవాళ్లు సంతోషిస్తారు.

కాబట్టి షాపుకెళ్తే నాలుగు పనులు చేయండి. చిలకల వీడియో ఆపించి, సెట్‌టాప్ బాక్సు పెట్టించి, మీరు రోజూ చూసే ఛానెల్ అడగండి. రంగుల మోడ్ మామూలుకి మార్చమనండి. టీవీ ఆర్పించి, నల్లటి తెరమీద షాపు లైట్లు ఎంత మెరుస్తున్నాయో చూడండి. మీ బాల్కనీ ఎండ రేపు అందులో అలాగే మెరుస్తుంది. వారంటీలో ప్యానెల్ ఎన్నేళ్లో కాగితం మీద చూపించమనండి, ఎందుకంటే అది పోతే టీవీ పోయినట్టే.

"కూర్చోండి మేడం" అని ఎదురుగా కుర్చీ వేస్తారు. కూర్చోకండి. పక్కకెళ్లి, మీ ఇంట్లో మీరు ఎక్కడ నిలబడతారో సరిగ్గా అక్కడ నిలబడి చూడండి. అక్కడినుంచి బాగున్నదే మంచి టీవీ.