విశ్వవిద్యాలయాలకు పరిశోధనా గ్రాంట్లు: అన్ని శాస్త్రాలకూ, అన్ని ప్రాంగణాలకూ అందినప్పుడే సార్థకత

విశ్వవిద్యాలయ అధ్యాపకునిపై రెండు బాధ్యతలు ఉన్నాయి. ఉన్న విజ్ఞానాన్ని విద్యార్థులకు బోధించడం మొదటిది కాగా, కొత్త విజ్ఞానాన్ని సృష్టించడం రెండవది. ఈ రెండవ బాధ్యత నెరవేరాలంటే ప్రయోగశాల పరికరాలు, రసాయనాలు, గ్రంథాలు, క్షేత్ర పర్యటనలు, పరిశోధక విద్యార్థులకు ఫెలోషిప్పులు అవసరమవుతాయి. అధ్యాపకుల ప్రతిపాదనలను నిపుణుల సంఘాలచే పరిశీలింపజేసి, వారు పనిచేసే సంస్థ ద్వారా ఈ ఖర్చు నిమిత్తం మంజూరు చేసే ఆర్థిక సహాయమే పరిశోధనా గ్రాంటు. ఈ సొమ్ము ఏ శాస్త్రానికి, ఏ ప్రాంగణానికి చేరుతున్నదనే దానిపైనే దేశంలో పరిశోధన స్వరూపం ఆధారపడి ఉంటుంది.

విద్యార్థులు ఒకచోట, నిధులు మరొకచోట

2020-21 సంవత్సరంలో దేశంలో పరిశోధన, అభివృద్ధిపై జరిగిన మొత్తం వ్యయం సుమారు రూ. 1,27,381 కోట్లు. ఇది స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం మాత్రమే. ఈ వ్యయంలో కేంద్ర ప్రభుత్వ వాటా 43.7 శాతం, ప్రైవేటు రంగం వాటా 36.4 శాతం కాగా, ఉన్నత విద్యారంగం వాటా 8.8 శాతానికి, రాష్ట్ర ప్రభుత్వాల వాటా 6.7 శాతానికి పరిమితమయ్యాయి. మరోవైపు, దేశంలోని ఉన్నత విద్యార్థులలో 80 శాతానికి పైగా రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల పరిధిలోనే చదువుతున్నట్లు నీతి ఆయోగ్ 2025 ఫిబ్రవరిలో విడుదల చేసిన నివేదిక వెల్లడించింది. అధిక సంఖ్యాకులైన విద్యార్థులు ఉన్నచోట పరిశోధనకు వనరులు కొరవడటమే ఈ రంగంలోని ప్రధాన సమస్య.

చిన్న గ్రాంట్ల పెద్ద పాత్ర

పరిశోధనకు ఆర్థిక సహాయం అందించే వ్యవస్థ దేశంలో అంచెలంచెలుగా రూపుదిద్దుకున్నది. శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి 1942లో, భారత సామాజిక శాస్త్ర పరిశోధనా మండలి 1969లో, కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 1971లో ఏర్పడ్డాయి. 1956లో చట్టబద్ధత పొందిన విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యు.జి.సి., మేజర్, మైనర్ పరిశోధనా ప్రాజెక్టుల పేరిట దీర్ఘకాలం గ్రాంట్లు ఇచ్చింది. 12వ పంచవర్ష ప్రణాళిక కాలంలో మేజర్ ప్రాజెక్టుకు విజ్ఞాన శాస్త్రాలలో రూ. 20 లక్షలు, భాషలు, మానవీయ, సామాజిక శాస్త్రాలలో రూ. 15 లక్షలు, మైనర్ ప్రాజెక్టుకు రూ. 5 లక్షలు గరిష్ఠ పరిమితిగా ఉండేవి.

మొత్తాలు చిన్నవైనా ఈ గ్రాంట్ల ప్రయోజనం చిన్నది కాదు. శాసనాలను పరిశీలించే చరిత్ర అధ్యాపకునికి, మాండలికాలను సేకరించే తెలుగు అధ్యాపకునికి, డిగ్రీ కళాశాలలో పనిచేసే రసాయన శాస్త్ర ఉపన్యాసకునికి పరిశోధనలో తొలి అడుగు వేయగల అవకాశం వీటి ద్వారానే లభించేది. కోట్ల రూపాయల పథకాలు వీరి అవసరాన్ని తీర్చలేవు.

కొత్త చట్టం, కొత్త పథకాలు

విజ్ఞాన, ఇంజనీరింగ్ పరిశోధనలకు గ్రాంట్లు ఇచ్చేందుకు 2008లో పార్లమెంటు చట్టం ద్వారా సెర్బ్ ఏర్పాటయింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల అధ్యాపకులు ఐ.ఐ.టి.లు, జాతీయ ప్రయోగశాలలలో కొంతకాలం పనిచేసేందుకు వీలు కల్పించే టేర్ పథకాన్ని ఈ సంస్థ ప్రారంభించింది. దీని కింద మూడేళ్లపాటు ఏటా రూ. 5 లక్షల పరిశోధనా గ్రాంటు, రూ. 60 వేల ఫెలోషిప్పు నిర్దేశించారు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల అధ్యాపకుల కోసమే ఉద్దేశించిన ష్యూర్ పథకంలో మూడేళ్లకు రూ. 30 లక్షల వరకు సహాయానికి వీలు కల్పించారు.

2023లో ఆమోదం పొంది, 2024 ఫిబ్రవరి 5న అమలులోకి వచ్చిన చట్టం ద్వారా సెర్బ్ స్థానంలో అనుసంధాన్ జాతీయ పరిశోధనా ఫౌండేషన్ ఏర్పడింది. 2023-28 కాలానికి రూ. 50,000 కోట్ల వ్యయాన్ని అంచనా వేయగా, అందులో రూ. 14,000 కోట్లు కేంద్ర ప్రభుత్వం నుండి, సుమారు రూ. 36,000 కోట్లు పరిశ్రమలు, దాతలు తదితర ప్రభుత్వేతర వర్గాల నుండి సమకూరాలని నిర్దేశించారు. అంటే ప్రతి నాలుగు రూపాయలలో దాదాపు మూడు రూపాయలు ప్రభుత్వం వెలుపలి నుండి రావలసి ఉంది. పథకం విజయం ఈ సమీకరణపైనే ఎక్కువగా ఆధారపడి ఉన్నది.

ఫౌండేషన్ చేపట్టిన పథకాలలో పెయిర్ ముఖ్యమైనది. పరిశోధనలో ముందున్న ఒక సంస్థ కేంద్రంగా, ఇతర విశ్వవిద్యాలయాలు అనుబంధ సంస్థలుగా కలిసి పనిచేయడం దీని విధానం. తొలివిడతలో కేంద్ర సంస్థలుగా ఎంపికైన వాటిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఒకటి. పరికరాలు, అనుభవం గల ప్రాంగణం నుండి అవి లేని ప్రాంగణానికి పరిశోధనా సామర్థ్యం ప్రవహించాలన్నదే ఈ ఏర్పాటు ఆశయం.

సామాజిక శాస్త్రాల స్థానం

కొత్త చట్టం విజ్ఞాన శాస్త్రాలు, ఇంజనీరింగ్, పర్యావరణం, ఆరోగ్యం, వ్యవసాయ రంగాలను తన పరిధిలోకి తీసుకున్నది. మానవీయ, సామాజిక శాస్త్రాల విషయంలో మాత్రం, వాటికి శాస్త్ర సాంకేతిక రంగాలతో సంబంధం ఉన్న మేరకే వర్తిస్తుంది. సామాజిక శాస్త్రాల కోసం 2018లో ఆమోదించిన ఇంప్రెస్ పథకం రూ. 414 కోట్లతో 1,500 ప్రాజెక్టులకు ఉద్దేశించినదే గాని, దాని కాలపరిమితి 2021 మార్చితో ముగిసింది. అందువలన ఈ శాస్త్రాలకు నిరంతర సహాయం అందించే భారం ప్రధానంగా సామాజిక శాస్త్ర పరిశోధనా మండలి వంటి సంస్థలపైనే ఉన్నది.

ప్రజల సమస్యలు శాస్త్రాల సరిహద్దులను పాటించవు. అనంతపురం ప్రాంతంలో కరువును అధ్యయనం చేయాలంటే భూగర్భ జలాల లెక్క ఒక్కటే చాలదు. వేరుశనగ సాగు, రైతు అప్పులు, వలసలు, మహిళలపై పడే అదనపు శ్రమ కూడా తెలియాలి. భూగర్భ శాస్త్రవేత్తకు నిధులు ఉండి, అర్థశాస్త్రవేత్తకు లేకపోతే ఆ అధ్యయనం సగంలోనే ఆగుతుంది.

సకాలంలో విడుదల కావాలి

గ్రాంటు మంజూరు కావడం ఒక ఎత్తు, సకాలంలో అందడం మరొక ఎత్తు. వినియోగ ధ్రువపత్రం చేరితే గాని తదుపరి విడత విడుదల కాదు. ఈలోగా పరిశోధక విద్యార్థి ఫెలోషిప్పు ఆగిపోతే, నష్టపోయేది అతని జీవనాధారమే. ఈ దిశగా కొన్ని సంస్కరణలు జరిగాయి. విశ్వవిద్యాలయాలు గ్రాంట్లతో చేసే పరిశోధనా సేవలకు 18 శాతం పన్ను నుండి మినహాయింపు ఇవ్వాలని 2024 సెప్టెంబర్ 9న జి.ఎస్.టి. మండలి సిఫారసు చేసింది. 2025 జూన్‌లో కేంద్రం శాస్త్రీయ పరిశోధనా సంస్థలకు కొటేషన్లు లేకుండా కొనుగోలు చేసే పరిమితిని రూ. 1 లక్ష నుండి రూ. 2 లక్షలకు పెంచింది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు సైతం తమ కొనుగోలు నిబంధనలను ఇదే రీతిన సరళీకరించుకుంటే అధ్యాపకుల సమయం ఎంతో ఆదా అవుతుంది.

బోధనా పోస్టుల ఖాళీలను భర్తీ చేయడం, ప్రతి విశ్వవిద్యాలయంలో ప్రతిపాదనల తయారీకి, లెక్కల నిర్వహణకు తోడ్పడే విభాగాన్ని నెలకొల్పడం, భాషా, సామాజిక శాస్త్రాల అధ్యాపకులకు చిన్న గ్రాంట్లను పునరుద్ధరించడం తక్షణ అవసరాలు. పరిశోధనకు కేటాయించిన ప్రతి రూపాయి జిల్లా కేంద్రంలోని విశ్వవిద్యాలయ ప్రయోగశాల వరకు, గ్రామంలోని క్షేత్ర అధ్యయనం వరకు చేరిననాడే దేశ విజ్ఞాన సంపద విస్తృతమవుతుంది.