సీసా మీది లేబులు చదవండి: అప్పనపల్లి గ్రామస్థుల వినతిపత్రం

డా. బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా కలెక్టర్ గారికి,
జిల్లా ప్రొహిబిషన్, ఎక్సైజ్ అధికారి గారికి,
జిల్లా పోలీసు సూపరింటెండెంట్ గారికి,
అమలాపురం.

విషయం: మామిడికుదురు మండలం అప్పనపల్లిలో బెల్టు అమ్మకాలు, వాటికి సరుకు చేరుతున్న దారి, మద్యం దుకాణాల లైసెన్సు షరతుల అమలు గురించి.

అయ్యా, అమ్మా,

మేము అప్పనపల్లి డ్వాక్రా సంఘాల సభ్యులం, కొబ్బరి రైతులం, దింపు కూలీలం, ఒలుపు కూలీలం. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఈ కాగితం తమరి చేతికి ఇస్తున్నాం. ముందే ఒక మాట మనవి చేసుకుంటాం. మద్యనిషేధం పెట్టమని మేము అడగడం లేదు. పెడితే బాగుండుననేవాళ్ళు మాలో చాలామంది ఉన్నారు గానీ, ఈ కాగితం దానికోసం రాసింది కాదు. లైసెన్సు చేతిలో పెట్టేటప్పుడు ప్రభుత్వం దుకాణదారు చేత సంతకం పెట్టించుకున్న షరతులు ఉన్నాయి కదా, అవి కౌంటరు దాటి మా వీధి దాకా రావాలి. మా కోరిక ఇంతే.

మా దగ్గర ఎలా జరుగుతోందో చెబుతాం. దింపు పని తెల్లవారి ఆరింటికే మొదలవుతుంది. ఎండెక్కితే చెట్టు మీద ఉండలేరు కాబట్టి పది, పదకొండుకల్లా దిగిపోతారు. లైసెన్సు దుకాణం తెరిచేది ఉదయం పదింటికి, మూసేది రాత్రి పదింటికి. మరి ఆరింటికి చెట్టు మొదట్లో నిలబడ్డ మనిషి నోట వాసన ఎక్కడిది? చీకటితోనే తలుపు కొడితే అందించే కొట్లు ఉన్నాయి కాబట్టి. అరవై అడుగుల చెట్టెక్కి గెల కోసే పని అది. కాలు జారితే నడుం విరిగి మంచాన పడతాడు, లేదా మనిషే పోతాడు. తాగి చెట్టెక్కొద్దని మేస్త్రీలు అరుస్తూనే ఉంటారు. అయితే చీకట్లోనే పోసేవాడు ఒకడు ఊళ్ళో ఉండగా వాళ్ళ అరుపు ఎవరి చెవికెక్కుతుంది?

బెల్టు కొట్టు అంటే లైసెన్సు లేకుండా చాటుగా మద్యం అమ్మే కొట్టు, పెద్దదేమీ కాదు. ముందు సబ్బులు, అగరుబత్తీలు, షాంపూ ప్యాకెట్ల దండలు ఉంటాయి. వెనక బియ్యం బస్తాల చాటున అట్టపెట్టె. క్వార్టరు సీసాను పాత పేపర్లో చుట్టి ఇస్తారు. దాంతోపాటు ప్లాస్టిక్ గ్లాసు, నీళ్ళ ప్యాకెట్, మిక్చర్ పొట్లం. ఎమ్మార్పీ మీద ఇరవయ్యో ముప్పయ్యో ఎక్కువ. డబ్బు లేదంటే పుస్తకంలో రాసుకుంటారు. అసలు కష్టమంతా ఈ పుస్తకంతోనే. లైసెన్సు దుకాణంలో అరువు దొరకదు, జేబులో ఉన్నంతే తాగి వస్తాడు. బెల్టు కొట్లో వచ్చే శనివారం కూలిని కూడా ఈ మంగళవారమే తాగేస్తాడు. కూలి పంచే చోటికే పుస్తకం వస్తుంది, పద్దు తేలాక మిగిలింది ఇంటికొస్తుంది. గల్ఫులో ఇంటిపని చేసి కూతురు పంపిన డబ్బు కూడా ఆ పద్దుకిందే జమైన ఇళ్ళున్నాయి. వాటి పేర్లు ఇక్కడ రాయం, ఆ ఇంటివాళ్ళు తలెత్తుకు తిరగాలి కదా.

కొట్టు పెట్టినవాణ్ణి పట్టుకుంటే చాలదా అని తమరు అడగవచ్చు. పట్టుకుంటున్నారు, కాదనం. అప్పుడప్పుడూ దాడి జరుగుతుంది, పది సీసాలు దొరుకుతాయి, ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 సెక్షన్ 34 కింద కేసు రాస్తారు. పట్టుబడేది చాలాసార్లు ఒక ముసలమ్మో, కాలు చచ్చుబడిన మనిషో. బెయిలు వస్తుంది. మర్నాడు అదే బస్తాల చాటున కొత్త పెట్టె. ఆ పెట్టె ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఎక్కడో ఒక లైసెన్సు కౌంటరులో నుంచి, ఒక్క మనిషి తాగలేనన్ని సీసాలు ఒక్క బండి మీద బయటికి వచ్చాయి. ఏ కౌంటరు అన్నది మాకు తెలియదు, తెలియకుండా ఎవరి మీదా వేలు చూపించం. తెలుసుకునే సాధనం మాత్రం తమ శాఖ చేతిలోనే ఉంది.

సీసా మూత మీద అంటించే, కోడ్ ఉన్న హోలోగ్రాం లేబులు ఇచ్చేది శాఖే. ఏ డిపో నుంచి ఏ దుకాణానికి ఏ పెట్టె వెళ్ళిందో లెక్క రాసుకునేదీ శాఖే. 2025 అక్టోబర్‌లో అన్నమయ్య జిల్లా ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ బయటపడ్డాక, కొన్నవాళ్ళే లేబులు స్కాన్ చేసి అసలో నకిలీయో చూసుకోవచ్చని ప్రభుత్వం ఎక్సైజ్ సురక్ష యాప్ తెచ్చింది. తాగేవాడి ఫోన్లో పనిచేసే ఆ కోడ్, పంచనామా రాసే అధికారి ఫోన్లోనూ పనిచేస్తుంది. అందుకే మా మొదటి కోరిక: బెల్టు కొట్టులో దొరికిన ప్రతి సీసా లేబులూ స్కాన్ చేయించి, ఆ సరుకు ఏ దుకాణానికి ఇచ్చిందో పంచనామాలోనే రాయించండి. అప్పుడు కేసు ముసలమ్మ దగ్గర ఆగదు. బెల్టు షాపులకు సరుకిచ్చినా, ఎమ్మార్పీ దాటి అమ్మినా మొదటిసారి 5 లక్షల రూపాయల జరిమానా, రెండోసారి లైసెన్సు రద్దు అని ప్రభుత్వమే చెప్పింది. ఆ శిక్ష పడాలంటే సరుకు ఎక్కడిదో తేలాలి. లేబులు చదవకుండా వదిలేస్తే ఆ 5 లక్షలు కాగితం మీది అంకెగానే ఉండిపోతాయి.

లేబులు లేని సీసాలు దొరికితే అది ఇంకా పెద్ద సంగతి. మాకు యానాం దగ్గరే. పుదుచ్చేరి పాలనలో ఉన్న ఊరు కాబట్టి అక్కడి పన్నులు వేరు, ధరలు వేరు. ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి దాటితే చాలు. 1995 జనవరి 16న రాష్ట్రమంతటా మద్యనిషేధం పెట్టినప్పుడు కోనసీమకు సరుకు ఏ దారిన వచ్చేదో మా పెద్దవాళ్ళకు బాగా గుర్తు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటంతో 1993 అక్టోబర్ 1న సారా పోయింది, తర్వాత నిషేధం వచ్చింది, 1997లో అదీ పోయింది. చట్టం ఎంత గట్టిదైనా సరిహద్దులో, పెరటి గుమ్మంలో కాపలా లేకపోతే ఏమవుతుందో ఆ రెండేళ్ళలో చూశాం. మేము ఇప్పుడు నిషేధం అడగకపోవడానికి కారణం కొంత అదే.

ఇక గుడి సంగతి. వైనతేయ ఒడ్డున, కొబ్బరి వ్యాపారి మొల్లేటి రామస్వామి గారు స్థాపించిన బాలబాలాజీ స్వామి ఆలయానికి శనివారాల్లో ఎంత జనం వస్తారో తమరికి తెలుసు. తలనీలాలిచ్చి పిల్లాజెల్లాతో రేవులో దిగుతారు, స్నానం చేసి అన్నదానానికి వరసలో నిలబడతారు. రేవు మెట్ల మీద, నీళ్ళలో పగిలిన సీసా పెంకులు ఉంటాయి. చెప్పులు గట్టున విడిచి దిగిన వాళ్ళ పాదాలు అవి. రక్తం కారుతుంటే పసుపద్ది, గుడ్డ చింపి కట్టిన చేతులు మావి. గుడికి, బడికి 100 మీటర్ల లోపు మద్యం దుకాణం పెట్టకూడదని నిబంధన. ఆ కొలత లైసెన్సు ఉన్న దుకాణానికే కదా! లైసెన్సే లేని కొట్టుకు టేపు ఎవరు పట్టుకొస్తారు? దూరం పాటించేవాడికి ఆంక్ష, పాటించనివాడికి గుడి వెనక సందు. కనీసం శనివారాల్లోనూ పర్వదినాల్లోనూ రేవు దగ్గర, కాజ్‌వే దగ్గర పోలీసు, ఎక్సైజ్ సిబ్బంది కలిసి తిరిగే ఏర్పాటు చేయమని కోరుతున్నాం. వరద రోజుల్లో అప్పనపల్లి కాజ్‌వే మీదికి నీళ్ళెక్కుతాయి. తెలివిలో ఉన్నవాడే ఆ రోజుల్లో అక్కడ అడుగు ఆచితూచి వేస్తాడు, మత్తులో ఉన్నవాడి సంగతి చెప్పనక్కర్లేదు.

మాకు అన్నిటికంటే భయం పిల్లల గురించి. సరుకు చేరవేతకు మగపిల్లల్ని పెడుతున్నారు. బడి సంచిలో నాలుగు సీసాలు పెట్టుకుని సైకిలు మీద వెళ్ళే పిల్లాణ్ణి ఎవరూ ఆపరని వాళ్ళ ధైర్యం. చేతిలో యాభై రూపాయలు పెడితే పిల్లవాడికి అదొక ఉద్యోగమే. 21 ఏళ్ళు నిండనివాళ్ళకు మద్యం అమ్మకూడదన్నది ఎక్సైజ్ నిబంధన. బాలల న్యాయ చట్టం, 2015 ఇంకా గట్టిది. పద్దెనిమిది నిండని పిల్లలకు మత్తు పానీయం ఇస్తే సెక్షన్ 77, వాళ్ళ చేత అమ్మించినా, మోయించినా, సరఫరా చేయించినా సెక్షన్ 78. రెండింటికీ ఏడేళ్ళ దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. బెల్టు కేసుల్లో పిల్లల ప్రమేయం కనబడితే సెక్షన్ 34తో సరిపెట్టకుండా ఈ సెక్షన్లు కూడా రాయించమని పోలీసు శాఖను వేడుకుంటున్నాం. పిల్లవాణ్ణి దొంగలా చూడవద్దు, వాడికి సంచి ఇచ్చినవాణ్ణి వెతకండి. లైసెన్సు దుకాణాల్లోనూ మీసాలు సరిగా రాని కుర్రాళ్ళు వస్తే ఆధార్ చూసి గాని ఇవ్వకూడదని తమరు ఉత్తర్వు ఇస్తే, మా ఇళ్ళలో తల్లులు తమరి పేరు చెప్పుకుంటారు.

మా ఊరికి తిరిగే రోడ్డు 216వ జాతీయ రహదారి మీద నుంచే. హైవేల వెంట మద్యం దుకాణాలపై సుప్రీంకోర్టు 2016 డిసెంబర్ 15న తీర్పు ఇచ్చింది. హైవేకి 500 మీటర్ల లోపు వద్దంది. 2017 మార్చి 31న, ఇరవై వేలు, అంతకు లోపు జనాభా ఉన్న ఊళ్ళకు ఆ దూరాన్ని 220 మీటర్లకు తగ్గించింది. హైవే మీద నుంచి దుకాణం కనబడకూడదనీ, మద్యం ఎక్కడ దొరుకుతుందో తెలిపే బోర్డులు హైవే వెంట ఉండకూడదనీ కూడా చెప్పింది. దుకాణం దగ్గరే కూర్చుని తాగే పర్మిట్ రూములకు 2025లో మళ్ళీ అనుమతి వచ్చింది. రోడ్డు మీద, గట్ల మీద తాగడం కంటే నాలుగు గోడల మధ్య తాగడం నయమేనని మాలో కొందరన్నారు. మేమూ కొట్టిపారేయం. అయితే ఆ గదిలోంచి బయటికొచ్చేవాడు బండి తాళం తీసుకునే వస్తాడు. రక్తంలో ఆల్కహాలు వంద మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటినవాడు బండి నడిపితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద నేరం. మొదటిసారికే పది వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పర్మిట్ రూములున్న చోట రాత్రి తొమ్మిది నుంచి పదకొండు దాకా ఊదించే తనిఖీ పెట్టించండి. అప్పటికే తూలుతున్నవాడికి అమ్మకూడదన్నది దుకాణదారు పాటించాల్సిన షరతే. అలా అమ్మినందుకు ఎవరి మీదైనా కేసు పెట్టారంటే ఇంతవరకు మేము వినలేదు.

గీత కార్మికుల గురించి కూడా ఒక మాట రాయాలి, లేకపోతే ఈ కాగితాన్ని వాళ్ళ మీద రాసిందిగా చెప్పేవాళ్ళు బయల్దేరతారు. తాళ్ళెక్కి కల్లు గీసి బతికేవాళ్ళు మా ఊరివాళ్ళు, మా బంధువులు. ప్రైవేటు దుకాణాలు వచ్చిన 2024 అక్టోబర్ విధానంలో 3,396 దుకాణాలు పెట్టి, గీత కులాలవారికి పది శాతం లెక్కన మరో 340 కేటాయించారు. మంచిదే. బెల్టు సీసా వల్ల నష్టపోయేది వాళ్ళు కూడా. లక్షలు కట్టి లైసెన్సు తెచ్చుకున్నవాడు వేళ చూసి తెరిచి, వేళ చూసి మూస్తుంటే, ఏమీ కట్టనివాడు అర్ధరాత్రి కూడా అమ్ముతున్నాడు.

ప్రతి లైసెన్సు దుకాణం ముందు తెలుగులో, వీధి నుంచి చదవగలిగేంత అక్షరాలతో బోర్డు పెట్టించమని కోరుతున్నాం. వేళలు, బ్రాండ్ల వారీ ధరలు, 21 ఏళ్ళ నిబంధన, జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2న మూసివేత, ఫిర్యాదు నంబరు 14405 అందులో ఉండాలి. సీసా ఒక్కటైనా బిల్లు ఇవ్వాలి. సీసీ కెమెరా రికార్డును నెల రోజులైనా చెరపకుండా ఉంచాలి, బెల్టు కేసు వచ్చినప్పుడు ఆ తేదీ రికార్డు తెప్పించి చూడాలి. 14405కి ఫోన్ చేసినవాళ్ళ పేరు, నంబరు ఊరి దాకా రాకుండా చూడాలి. ఆ భయం వల్లే చాలామంది ఫోన్ చేయరు. అమ్మేవాడు పక్కింటివాడే అయినప్పుడు ఆడది ఒంటరిగా ఎదిరించలేదు.

ఇప్పుడున్న లైసెన్సుల గడువు 2026 సెప్టెంబర్ 30 వరకు. ఆ తర్వాత వచ్చే విధానంలో దుకాణం లైసెన్సు ఇచ్చేముందు, దాని సరుకు చేరే చుట్టుపక్కల ఊళ్ళ గ్రామసభ అభిప్రాయం తీసుకోవాలనీ, బెల్టుకు సరుకిచ్చి పట్టుబడ్డ దుకాణదారును మళ్ళీ లైసెన్సుల లాటరీకి రానివ్వకూడదనీ ప్రభుత్వానికి తమరి సిఫారసు పంపమని ప్రార్థిస్తున్నాం. మద్యం అమ్ముకోవడం ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 1994లో ఖోడే డిస్టిలరీస్ కేసులో చెప్పింది. రాజ్యాంగం 47వ అధికరణం మద్యం వాడకాన్ని నిషేధించేందుకు ప్రయత్నించే బాధ్యత ప్రభుత్వం మీద పెట్టింది. కాబట్టి షరతులు బిగించడానికి తమరికి చట్టం అడ్డు రాదు.

ఈ వినతిపత్రం అందినట్లు రసీదు ఇప్పించి, ముప్పై రోజుల్లో ఏ చర్య తీసుకున్నదీ లిఖితపూర్వకంగా గ్రామ సచివాలయం నోటీసు బోర్డు మీద పెట్టించమని మనవి. తనిఖీకి వచ్చే అధికారులకు దారి చూపించడానికి, పంచనామాలో సాక్షి సంతకాలు పెట్టడానికి మా సంఘాల సభ్యులు సిద్ధంగా ఉన్నారు. రాత్రి వేళ అయినా సరే.

ఇట్లు,
అప్పనపల్లి గ్రామ డ్వాక్రా సంఘాల సభ్యులు, కొబ్బరి రైతులు, దింపు, ఒలుపు కూలీలు
(సంతకాలు, వేలిముద్రలు జతపరిచాం)

నకళ్ళు: తహసీల్దారు గారు, మామిడికుదురు, దేవాదాయ శాఖ కార్యనిర్వహణాధికారి గారు, శ్రీ బాలబాలాజీ స్వామివారి దేవస్థానం, అప్పనపల్లి, సర్పంచ్ గారు, అప్పనపల్లి గ్రామ పంచాయతీ.