మంచు పడింది చెట్ల మీద, దెబ్బ తగిలింది కూలీల మీద

గోధుమ మొలక మంచు కింద నెలల తరబడి బతుకుతుంది. కాఫీ చెట్టు ఒక్క రాత్రి చలికే చస్తుంది. ఎందుకీ తేడా? ఇది శాస్త్రజ్ఞుల గొడవ, మనకెందుకని అనుకోవద్దు. బ్రెజిల్ దేశంలో లక్షలాది శ్రమజీవుల బతుకు ఈ తేడా దగ్గరే తారుమారైంది.

ముందు మొక్క సంగతి చూద్దాం. మొక్కలో ఎక్కువ భాగం నీరే. చలి సున్నా డిగ్రీల కిందికి దిగితే ఆ నీరు గడ్డకడుతుంది. కణం లోపలే గడ్డకడితే పొరలు చిరిగి కణం చస్తుంది. రష్యా, ఉక్రెయిన్ పొలాల్లో చలికాలం రాకముందే చల్లే గోధుమ దీనికి ముందుగానే సిద్ధపడుతుంది. చలి మెల్లమెల్లగా ముదిరే వారాల్లో కణాల్లో చక్కెర కూడబెట్టుకుంటుంది, నీరు తగ్గించుకుంటుంది, కణపొరల తీరు మార్చుకుంటుంది. అప్పుడు మంచుగడ్డ కణాల మధ్య సందుల్లో కడుతుంది గాని లోపల కట్టదు. ఆకులు మాడినా మొవ్వు నేలలో భద్రంగా ఉంటుంది. పైన పడ్డ మంచే దానికి దుప్పటి. అదే గోధుమకు సిద్ధపడే గడువు లేకుండా ఉన్నపళంగా అంత చలి తగిలితే, అదీ చస్తుంది.

కాఫీకి పుట్టినిల్లు ఇథియోపియా కొండల అడవులు. గడ్డకట్టే చలిని అది ఎరగదు. కనుక కాచుకునే విద్య దానికి అబ్బలేదు. అటువంటి చెట్టును మంచు పడే నేలకు తీసుకుపోయింది ఎవరు? లాభం. బ్రిటిష్ పెట్టుబడితో నడిచిన భూముల కంపెనీ పరానా రాష్ట్రపు ఉత్తర భాగంలో అడవులు కొట్టించి ముక్కలు చేసి అమ్మింది. అక్కడ వెలసిన పట్టణానికి లండన్ మీద లోంద్రినా అని పేరు పెట్టారు. 1953లోనూ, 1955లోనూ అక్కడ మంచు పడింది. అయినా కాఫీ విస్తరిస్తూనే పోయింది.

1975 జులై 18న నల్లమంచు దిగింది. ఆకులు, కొమ్మలు నిప్పంటుకున్నట్టు నల్లబడ్డాయి. ఆ ఏడు పరానాలో కోటి బస్తాల పైన కాఫీ పండింది. మరుసటేడు నాలుగు వేల బస్తాలు కూడా రాలేదు. న్యూయార్కు మార్కెట్టులో 1977 నాటికి పౌను కాఫీ ధర 3 డాలర్లు దాటింది. సరుకు నిలవ ఉన్నవాడు బాగుపడ్డాడు. చెట్టు కింద పనిచేసినవాడు?

తోటల్లో కాపురముండే కూలీలు కాఫీ వరుసల మధ్య మొక్కజొన్న, చిక్కుళ్లు వేసుకుని కడుపు నింపుకునేవాళ్లు. 1963లో వ్యవసాయ కార్మికులకు హక్కులిస్తూ చట్టం వస్తే, ఆ హక్కులు ఇవ్వాల్సొస్తుందని యజమానులు వాళ్లను తోటల నుంచి వెళ్లగొట్టడం మొదలుపెట్టారు. తెల్లారకముందే లారీలెక్కి పనికిపోయి, తెచ్చుకున్న అన్నం చల్లారిపోయాక తినే ఈ రోజుకూలీలకు అక్కడి జనం పెట్టిన పేరు ‘చల్లకూడు’. చద్దిమూట కట్టుకుపోయే మనకు ఆ పేరు విడమరిచి చెప్పక్కర్లేదు.

మంచు పడ్డాక చాలామంది యజమానులు చచ్చిన చెట్లు పీకేసి సోయా, గోధుమ వేశారు. సైనిక ప్రభుత్వం చౌకవడ్డీకి అప్పులిచ్చింది, ట్రాక్టర్లు దిగాయి. వందమంది చేసే చోట పదిమందితో పని గడిచిపోయింది. 1970లో 44 లక్షలున్న పరానా గ్రామీణ జనాభా 1980కి 32 లక్షల లోపుకు పడిపోయింది.

“మంచు ప్రకృతి వైపరీత్యం, దానికెవరేం చేస్తారు?” అంటారు పెద్దలు. చెట్లను చంపింది ప్రకృతే, ఒప్పుకుంటాం. కాని కూలివాణ్ణి ఊరు వదిలించింది మంచు కాదు. భూమి కొందరి చేతిలో ఉండటం, అప్పు ఆ కొందరికే దక్కడం, పనిపోయినవాడికి చట్టమేదీ అండ లేకపోవడం. ఇవి మనుషులు చేసినవి, మనుషులే మార్చాల్సినవి. 1984 జనవరిలో అదే పరానాలోని కస్కవెల్ పట్టణంలో భూమిలేని కార్మికుల ఉద్యమం పుట్టింది. బంజరు పెట్టిన ఎస్టేట్లలో గుడారాలేసి భూమి అడిగింది.

మన దగ్గర గడ్డకట్టే చలి అరుదు గాని తుపాను, కరువు, వడగళ్లు ఏటేటా వస్తున్నాయి. పంటనష్టం రాయడానికి అధికారులు వస్తారు. ఎకరాలు రాస్తారు, బస్తాలు రాస్తారు. ఆ పొలంలో పోయిన కోతపని, కుప్పపని, మోతపని ఏ కాగితం మీదా ఎక్కదు. పంటల బీమా పంటకే గాని పనికి కాదు. పరిహారం రైతుకు రావాల్సిందే, కౌలుదారుకు ముందు రావాల్సిందే, అందులో మాకు రెండో మాట లేదు. దానితోపాటు పోయిన పనిదినాలు కూడా నష్టం కింద లెక్కకట్టి కూలీకి పరిహారం చెల్లించాలని మేము అడుగుతున్నాం.

ఈ అడగడం తుపాను వచ్చాక మొదలుపెడితే లాభం లేదు. గోధుమ చలి ముదరకముందే సిద్ధపడుతుంది. మన సంఘాలూ పని ఉన్న నెలల్లోనే ఊరూరా ఎవరు ఏ పొలంలో ఎన్నాళ్లు పనిచేస్తున్నారో పట్టీ రాసి పెట్టుకోవాలి. రేపు నష్టం రాసే అధికారి వచ్చినప్పుడు మన చేతిలో లెక్క ఉండాలి, పక్కన నలుగురు నిలబడాలి.