నీళ్ళ తొట్టి పెట్టినవారే టీకా కూడా వేయించాలి

మా ఇల్లు నందిగామకూ జగ్గయ్యపేటకూ నడుమ, జాతీయ రహదారి నుంచి కొంచెం లోపలికి ఉంటుంది. పదవీ విరమణ తరువాత ఇక్కడ స్థిరపడినప్పుడు నాలుగు మొక్కలు పెంచుకోవాలనుకున్నానే గాని కుక్కలను పెంచాలని అనుకోలేదు. ప్రస్తుతం నాలుగున్నాయి. ఏ ఒక్కటీ నేను కోరి తెచ్చుకున్నది కాదు. మొదటిదానికి రహదారి మీద లారీ తగిలి వెనుక కాలు విరిగింది; దాన్ని కుంటోడు అంటాము. రెండవది 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం వద్ద రహదారిని ముంచెత్తిన రోజుల్లో, ఎక్కడినుంచో తడిసి ముద్దయి వచ్చి మా అరుగెక్కింది. మా ఆవిడ దానికి మున్ని అని పేరు పెట్టింది. మూడవది పళ్ళూడిన ముసలిది, తాత. నాలుగవది ఎర్రది. అది గడప దాటి లోపలికి రాదు, చేతికి చిక్కదు, అన్నం వేళకు మాత్రం ఒక్కపూటా తప్పదు.

2022 ఏప్రిల్ నుంచి మేము ఎన్.టి.ఆర్. జిల్లా వాసులమైనా, మా వాడుకలో ఇది ఇప్పటికీ కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమే. సున్నపురాయి నేల. పగలు తాగిన వేడిని ఈ నేల అర్ధరాత్రి దాకా కక్కుతూనే ఉంటుంది. కర్తరి మొదలైనది లగాయతు రోహిణి కార్తె వెళ్ళేవరకు ఉదయం ఎనిమిది దాటితే పెరట్లో అడుగు పెట్టలేము. ఆ రోజుల్లో మా ఇంట్లో అన్నిటికన్నా చల్లని చోటు ఏదో తెలుసుకోవటానికి పరికరాలేవీ అక్కరలేదు. తాత ఎక్కడ పడుకున్నాడో చూస్తే చాలు. ఉదయం వేపచెట్టు పడమటి నీడన, మధ్యాహ్నం తాగునీటి కుండల కింద తడిసిన ఇసుకలో, సాయంత్రం స్నానాల గది తూము దగ్గర. మేము కూడా ఆయన వెనుకనే నులకమంచం జరుపుకొంటూ పోతాము.

కుక్కకు మనవలె ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల అడుగున కొద్దిగా పడుతుంది, అంతే. నాలుక చాచి రొప్పటమే దానికున్న ప్రధాన సాధనం. దాని సహజమైన ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు ఉంటుంది. 105 దాటితే ప్రాణాపాయం. అందుచేత మే నెలలో గొలుసుతో రేకుల షెడ్డు కింద కట్టివేయటం దాన్ని పొయ్యి మీద పెట్టటంతో సమానం. వడదెబ్బ తగిలిన కుక్కకూ మనిషికీ ప్రథమ చికిత్స ఒక్కటే: నీడకు చేర్చటం, ఒళ్ళంతా మామూలు నీళ్ళతో తడపటం, గాలి విసరటం. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్ళు పోయరాదు. 2015 మే నెలలో మన రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేలమందికి పైగా వడగాడ్పులకు బలి అయినప్పుడు, దుస్తులు తడిపి విసనకర్ర పట్టుకోవలసిన బంధువులు రోగి జేబులో ఉల్లిపాయ పెట్టి బండి కోసం ఎదురుచూస్తూ కూర్చోవటం నేను కళ్ళారా చూశాను.

ఉల్లిపాయ మాట వచ్చింది గనుక చెబుతున్నాను. మజ్జిగన్నంలోకి మనకు అమృతప్రాయమైన ఉల్లి, కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తుంది. కూరలో ఉడికినా అంతే. మిగిలిన చద్దన్నం, పెరుగు పెట్టవచ్చును. ఉల్లిపాయ ముక్కలున్న పులుసు పెట్టరాదు. ఇక మామిడి టెంకలు. రసం పీల్చి పెరట్లో విసిరిన టెంకను కుక్క మింగితే అది పేగులో అడ్డుపడి శస్త్రచికిత్స దాకా పోతుంది. మా కుంటోడికి ఒకసారి తృటిలో తప్పింది. అప్పటి నుంచి టెంకలు లెక్కపెట్టి మరీ గోతిలో పూడుస్తున్నాము.

ఇవన్నీ చిన్న సంగతులు. అసలు నేను రాయదలచినది నా తప్పు గురించి.

ఎర్రది మా ఇంటికి అలవాటుపడి అప్పటికి ఏడెనిమిది నెలలు. కుంటోడికి, మున్నికి, తాతకు యాంటీ రేబిస్ టీకా వేయించాను. ఎర్రది పట్టుబడలేదు. ఈ వారం కాకపోతే వచ్చే వారం అనుకుంటూ కాలం గడిపాను. ముప్పయ్యేళ్ళకు పైగా ప్రభుత్వ వైద్యుడిగా కుక్కకాటు గురించి ఎక్కడ మైకు ఇచ్చినా ఉపన్యసించిన మనిషిని! రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం, మా పొలం పనులు చూసే అతని కూతురు, తొమ్మిదేళ్ళ పిల్ల, కుండల దగ్గరికి నీళ్ళకు వచ్చి నీడలో పడుకున్న ఎర్రదాని తోక తొక్కింది. అది ఉలిక్కిపడి పిక్క పట్టింది. రెండు పళ్ళు దిగి రక్తం వచ్చింది.

పిల్లను బోరు కింద కూర్చోబెట్టి, గడియారం చూసుకుంటూ సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగాను. పదిహేను నిమిషాలు ఎంత దీర్ఘమైనవో ఏడ్చే పిల్ల కాలు పట్టుకొని కూర్చుంటే తెలుస్తుంది. ఈలోగా వాళ్ళ నాయనమ్మ కారం, సున్నం పట్టుకొచ్చింది. మిరప పండే సీమ మాది. కారం లేని ఇల్లుండదు, కాటు మీద కారం అద్దని ముసలమ్మా ఉండదు. గాయాన్ని రేపే ఏ పదార్థమైనా వైరస్‌ను నరాల్లోకి మరింత లోతుగా నెట్టగలదని చెప్పి ఆపాను. ఆ గంటలోనే ఆస్పత్రికి తీసుకువెళ్ళాము. రక్తం వచ్చిన కాటు మూడవ తరగతికి చెందినది. దానికి టీకా ఒక్కటే చాలదు, గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఎక్కించాలి. టీకా వల్ల శరీరం సొంతంగా రక్షణ తయారుచేసుకోవటానికి రోజులు పడుతుంది. ఆ లోపల కాపు కాసేది ఇమ్యునోగ్లోబులినే. మొదటి రోజు, మూడవ రోజు, ఏడవ రోజు చేతికి సూదులు పడ్డాయి.

ఆ పది రోజులు నేను సరిగా నిద్రపోలేదు. కరిచిన కుక్క చొంగలో వైరస్ ఉన్నట్లయితే అది పది రోజుల్లోగా జబ్బుపడి చచ్చిపోతుంది. బతికి బాగుంటే కాటు నాటికి దాని చొంగలో వైరస్ లేనట్లే. అయితే ఈ పది రోజుల లెక్క చూసుకొని సూది వాయిదా వేయకూడదు. రెండూ ఒకేసారి సాగాలి. ప్రతి పూటా ఎర్రది అన్నానికి వస్తుందా, గొంతు మారిందా, దవడ జారిందా అని చూసేవాణ్ణి. పదకొండవ రోజు ఉదయం అది యథాప్రకారం గోడ దూకి వచ్చి గిన్నె ముందు కూర్చుంది.

ఆనాడు పిల్ల తండ్రి నాతో అన్న మాట ఒకటే. "డాక్టరుగారూ, తమరికి తెలియనిది కాదు. పిల్లకు ఇన్ని సూదులు పొడిపించే బదులు ముందే ఆ కుక్కకు ఒక్క సూది ఏయించి ఉంటే పోయేది కదండీ?" కోపంగా అనలేదు. నాకు జవాబు దొరకలేదు.

ఆ ప్రశ్నను ఈ వేసవిలో దయగల పాఠకులందరి ముందూ పెడుతున్నాను. గుమ్మం ముందు మట్టి తొట్టిలో నీళ్ళు పోసి, రోజూ ఇంత అన్నం పెట్టి, 'నాది కాదు, వీధి కుక్కే' అనే హక్కు మనకు లేదు. మనం అన్నం పెట్టటం వల్లనే అది మన వీధిలో నిలిచింది. మన వీధిలో సెలవులకు వచ్చిన పిల్లలు పగలంతా ఆడుతుంటారు. ఎండలకు కుక్కల చిరాకు పెరుగుతుందన్నది ఊహ మాత్రమే కాదు. అమెరికాలో ఎనిమిది నగరాల కుక్కకాట్ల లెక్కలు తీసి 2023లో ప్రచురించిన అధ్యయనంలో వేడి, ఎండ తీవ్రత హెచ్చిన రోజుల్లో కాట్లు కూడా కొంత హెచ్చినట్లు తేలింది. కనుక నీళ్ళ తొట్టి పెట్టినవారే టీకా బాధ్యత కూడా తీసుకోవాలి. ఏడాదికి ఒక కుక్కకయ్యే టీకా ఖర్చు కిలో మటన్ ఖర్చును మించదు.

'ఇదంతా ఎందుకు, చంపించివేస్తే పోదా' అని మా ఊరి రచ్చబండ దగ్గర పెద్దలు కొందరు నన్ను అడిగారు. వారి భయాన్ని నేను తేలికగా తీసుకోను. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరినీ బతికించలేము. నీళ్ళ గ్లాసు చూసి గొంతు బిగుసుకుపోయే రోగిని ఒక్కసారి చూసిన వైద్యుడు జన్మలో మరువలేడు. కాని చంపటం వల్ల రోగం పోదు. ఖాళీ అయిన చోటికి పక్క ఊరి కుక్కలు వస్తాయి, వాటికి టీకా ఉండదు. ఒక ప్రాంతంలోని కుక్కల్లో నూటికి డెబ్బయికి టీకా వేస్తే వైరస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. టీకా పడిన కుక్కను చంపటమంటే ఆ డెబ్బయిలో ఒకదాన్ని మన చేతులతో తీసివేయటం. జంతు జనన నియంత్రణ నిబంధనలు 2023లో వచ్చాయి. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స, టీకా స్థానిక సంస్థల బాధ్యత అని అవి చెబుతున్నాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా రేబిస్ సోకినవీ, మితిమీరి దాడి చేసేవీ తప్ప మిగిలిన వాటిని శస్త్రచికిత్స, టీకా తరువాత పట్టిన చోటనే విడిచిపెట్టాలనీ, ఆహారం నిర్దేశిత స్థలాల్లోనే పెట్టాలనీ ఆదేశించింది. పంచాయతీ వచ్చి చేసేదాకా మన గుమ్మం ముందున్న ఆ ఒక్కదానికీ ఆగనక్కరలేదని మాత్రమే నా వాదన.

వేసవిలో టీకా వేయించటంలో ఒక చిక్కున్నది. ఈ మందును రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. గడ్డ కట్టనివ్వరాదు, వేడెక్కనివ్వరాదు. నందిగామలో మందుల షాపులో కొని చొక్కా జేబులో వేసుకొని నలభై నాలుగు డిగ్రీల ఎండలో మోటారు సైకిలు మీద ఊరికి తెస్తే, కుక్కకు ఎక్కేది పనికిరాని మందు కావచ్చును. వెడల్పు మూతి ఫ్లాస్కులో ఐసు ముక్కలు వేసి, వాటికి తగలకుండా సీసాను గుడ్డలో చుట్టి తేవాలి. అంతకన్నా తెల్లవారుజామునే కుక్కను పశువుల ఆస్పత్రికి తీసుకుపోవటం మేలు. పిల్లకు మూడు నెలలు నిండాక మొదటి టీకా, తరువాత పశువైద్యుడు చెప్పినట్లు బలపరిచే మోతాదు, ఆపైన ఏటేటా.

పిడుదుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఎండాకాలం అవి విపరీతంగా పెరుగుతాయి. మిరపకో పత్తికో తెచ్చిన పురుగుమందు మిగిలితే కుక్క ఒంటికి రాసేవారున్నారు. ఆ మందు కుక్క నాక్కొని చచ్చిపోతుంది; రాసినవారి చర్మం గుండా లోపలికి పోతుంది. పురుగుమందు రోగులకు రాత్రంతా అట్రోపిన్ ఎక్కిస్తూ కూర్చున్నవాణ్ణి, కనుక బతిమాలి చెబుతున్నాను, ఆ పని చేయకండి. కుక్కలకోసమే తయారైన మందులు పశువైద్యులు రాసిస్తారు.

మరొక ప్రమాదం ఉన్నది. మే నెలలో నోట చొంగ కారుతూ తూలుతున్న కుక్క కనిపిస్తే కొందరు పిచ్చికుక్క అని కర్రలు తీస్తారు, కొందరు జాలిపడి గొంతులో ఎముక ఇరుక్కున్నదేమోనని నోట్లో చేయి పెడతారు. రెండవవారికే ముప్పు ఎక్కువ. రేబిస్‌లో ఒక రకం కుక్కను మూగగా, దవడ జారిపోయినదిగా చేస్తుంది. అది అరవదు, ఉరకదు, మింగలేదు. చూస్తే ఎముక అడ్డుపడినట్లే ఉంటుంది. నీళ్ళు తాగింది కాబట్టి పిచ్చి లేదని అనుకోవటం కూడా పొరపాటే. నీటి భయం మనుషుల్లో కనిపించే లక్షణం. రేబిస్ కుక్క తొట్టి దగ్గరికి పోవచ్చును. వడదెబ్బ అని అనుమానం కలిగితే దూరం నుంచి బక్కెట్టుతో నీళ్ళు చల్లి, పశువైద్యునికి కబురు పంపండి. చేయి మాత్రం పెట్టకండి.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయంతో ఇప్పటికీ కాటు దాచిపెట్టే పిల్లలున్నారు. గొర్రె మెదడుతో తయారుచేసే ఆ పాత మందు మన దేశంలో ఇరవయ్యేళ్ళ క్రిందటే వాడుక నుంచి తప్పుకున్నది. ఇప్పటివి చేతికి వేసే సన్నని సూదులు. ఈ మాట ఇంట్లో పిల్లలకు ఈ రోజే చెప్పండి. కరిచిన కుక్కకన్నా కొట్టే తండ్రికి భయపడి దాచిన కాట్లను నేను చాలా చూశాను.

జగ్గయ్యపేట ధనంబోడు మీద బౌద్ధ స్తూపం శిథిలాలు చూడటానికి మనవళ్ళను తీసుకువెళ్ళినప్పుడు వారికి అశోకుని రెండవ శిలాశాసనం గురించి చెప్పాను. మనుషులకూ పశువులకూ, రెండు రకాల వైద్యమూ ఏర్పాటు చేసినట్లు, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు నాటించినట్లు ఆయన అందులో చెక్కించాడు. రెండువేల మూడువందల సంవత్సరాల కిందటి ఆ రాజుకు నీళ్ళు, నీడ, మందు విడివిడి సంగతులుగా తోచలేదు. మనవాళ్ళు ఎంతవరకు విన్నారో తెలియదు, ఎండకు కొండ దిగిపోదామని తొందరపెట్టారు.

మా వంటింటి గోడ కాలెండరులో గ్యాసు బండ వచ్చిన తేదీ, పాల లెక్క రాసే చోటనే ఇప్పుడు నాలుగు కుక్కల టీకా తేదీలు కూడా ఉంటాయి. ఆ సంఘటన జరిగిన ఏడాది ఎర్రదానికి వల వేసి పట్టి టీకా వేయించాము. ఇప్పుడు దానికి అన్నం గిన్నె పెట్టేది ఆ పిల్లే. పడుకున్న కుక్కను దూరం నుంచి పిలిచి, అది లేచాకనే దగ్గరికి పోతుంది. ఈ సంవత్సరం మూడింటికి పూర్తయింది. ఎర్రదాని గడువు ఈ నెలాఖరు. ఆదివారం తెల్లవారకముందే పశువైద్యుడు ఫ్లాస్కుతో వస్తానన్నాడు. శనివారం రాత్రి దానికి అన్నం కాస్త తగ్గించి పెట్టాలి, పొద్దున ఆకలి మీద ఉంటే వసారాలోకి వస్తుంది.