కంట్రీ కోడ్ మార్చినంత మాత్రాన రాడార్ మాయమైపోదు

"5 గిగాహెర్ట్జ్ లింక్ మాటిమాటికీ పడిపోతోందా? సెట్టింగ్స్‌లో దేశం పేరు మార్చెయ్, డీఎఫ్ఎస్ గోల వదిలిపోతుంది." టవర్ల మీద వైర్‌లెస్ బ్యాక్‌హాల్ రేడియోలు పెట్టేవాళ్ల మధ్య బాగా తిరిగే చిట్కా ఇది. నన్నడిగితే ఇది చిట్కా కాదు, మన తలనొప్పిని ఇంకొకరి నెత్తిన పెట్టడం.

డీఎఫ్ఎస్ అంటే డైనమిక్ ఫ్రీక్వెన్సీ సెలెక్షన్. 5250-5350, 5470-5725 మెగాహెర్ట్జ్ భాగాల్లో మనకంటే ముందు నుంచే రాడార్లు ఉన్నాయి. 2003 ప్రపంచ రేడియో సదస్సు ఆ భాగాల్ని వైఫై లాంటి పరికరాలకూ తెరిచింది, రాడార్ వినిపిస్తే పక్కకు తప్పుకోవాలన్న షరతుతో. అందుకే రేడియో ఛానల్ ఎక్కేముందు 60 సెకన్లు వింటుంది. మధ్యలో రాడార్ పల్స్ దొరికితే 10 సెకన్లలో ఖాళీ చేస్తుంది, మళ్లీ 30 నిమిషాల దాకా అటు రాదు.

5600-5650 దగ్గరికొచ్చేసరికి రూల్స్ ఇంకా గట్టిపడతాయి, ఎందుకంటే అది వాతావరణ రాడార్ల చోటు. యూరప్‌లో అక్కడ 60 సెకన్లు కాదు, 10 నిమిషాలు వినాలి. కెనడా, ఆస్ట్రేలియాల్లో అయితే ఆ 50 మెగాహెర్ట్జ్‌ని అసలు ముట్టుకోకూడదు.

ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే అమెరికా చూడాలి. 1985 ఆగస్టులో డాలస్‌లో దిగబోతున్న డెల్టా 191 విమానం మైక్రోబర్స్ట్ అనే ఉధృతమైన కిందిగాలిలో చిక్కి కూలింది. 137 మంది చనిపోయారు. అలాంటి గాలుల్ని ముందే పసిగట్టడానికి తర్వాతి కాలంలో పెద్ద ఎయిర్‌పోర్టుల దగ్గర ప్రత్యేక డాప్లర్ రాడార్లు పెట్టారు. అవి పనిచేసేది సరిగ్గా 5600-5650లోనే. 2009లో ప్యూర్టో రికోలోని శాన్ హ్వాన్‌లో ఆ రాడార్‌కి ఇంటర్‌ఫియరెన్స్ మొదలైంది. ఇలాంటి కేసుల్లో ఎక్కువ భాగం ఇళ్లలోని రౌటర్ల వల్ల వచ్చినవి కావు. రాడార్‌కి ఎదురుగా, ఎత్తైన చోట్ల ఇంటర్నెట్ ఆపరేటర్లు పెట్టిన ఔట్‌డోర్ రేడియోల వల్ల వచ్చాయి. రాడార్‌కి 35 కిలోమీటర్ల లోపు ఉన్నవాళ్లు దాని ఫ్రీక్వెన్సీకి కనీసం 30 మెగాహెర్ట్జ్ దూరంగా ఉండాలని ఎఫ్‌సీసీ 2010లో చెప్పింది. కొందరు ఆపరేటర్లకి జరిమానాలూ వేసింది.

రాడార్ ఎక్కడో మేఘం నుంచి తిరిగొచ్చే అతి బలహీనమైన ప్రతిధ్వని కోసం చెవులు రిక్కించి వింటుంది. మన లింక్ దాని చెవిలో అరిచినట్టే. స్క్రీన్ మీద మన టవర్ దిక్కున ఒక గీత పడుతుంది. ఆ గీత వెనక వాన ఉందో, గాలి ఉందో చూసేవాళ్లకి తెలియదు.

మన దగ్గర విశాఖ, మచిలీపట్నం తుఫాను రాడార్లు ఎస్-బ్యాండ్‌వి, కాబట్టి ఈ గొడవ వాటికి తగలదు. కానీ జైపూర్‌లాంటి చోట్ల వాతావరణ శాఖ వాడేది సీ-బ్యాండే. ఇది మనకి సంబంధం లేని విషయం అనుకోవడానికి లేదు.

అలాగని ఆపరేటర్ల బాధ అబద్ధం కాదు. రాడార్ లేకపోయినా ఏదో నాయిస్‌ని రాడార్ అనుకుని రేడియో ఛానల్ వదిలేస్తుంది. ఆ ఒక్క లింక్ వెనక ఊరంతటి ఇంటర్నెట్ ఉంటే ఫోన్లు ఎత్తేది కంపెనీవాడు కాదు, ఆపరేటరే. దీనికి మందు దొంగ కంట్రీ కోడ్ మాత్రం కాదు. మన దేశంలో 5725-5875 కూడా 2018 నుంచి లైసెన్స్ అక్కర్లేని బ్యాండే. అక్కడికి మారొచ్చు, ఛానల్ వెడల్పు తగ్గించొచ్చు, బీమ్ సన్నగా ఉండే యాంటెన్నా పెట్టొచ్చు.

నా అసలు ఫిర్యాదు తయారీదారుల మీద. లాగ్‌లో "రాడార్ దొరికింది" అని ఒక్క లైన్ రాసి ఊరుకుంటే ఎలా? ఏ ఫ్రీక్వెన్సీలో, ఎలాంటి పల్స్, రోజుకి ఎన్నిసార్లు అన్నది చూపిస్తే నిజం రాడార్ ఏదో, నాయిస్ ఏదో ఆపరేటరే తేల్చుకుంటాడు. ఖాళీగా ఉన్న ఇంకో రిసీవర్‌తో ముందే విని పెట్టుకునే టెక్నాలజీ ఉంది. అది ఖరీదైన మోడళ్లకే పరిమితం కాకూడదు.

రివ్యూలు రాసేవాళ్లకీ ఒక మాట. 36 నుంచి 64 దాకా పరిచిన 160 మెగాహెర్ట్జ్ ఛానల్‌లో సగం డీఎఫ్ఎస్‌దే. 100 నుంచి 128 అయితే మొత్తం దానిదే. మెష్ రౌటర్ స్పీడ్ ఒక్క మధ్యాహ్నం కొలిచి మార్కులు వేస్తే సరిపోదు. రాడార్ వస్తే ఎంతసేపు ఆగింది, ఏ ఛానల్‌కి దూకింది అన్నదీ రాయాలి.

చివరిగా, ఫర్మ్‌వేర్‌తో ఆడుకునే మనలాంటి వాళ్లకి ఇది సొంత వ్యవహారం. 2014లో ఎఫ్‌సీసీ సాఫ్ట్‌వేర్ మార్చి రూల్స్ తప్పించుకోకుండా రక్షణ ఉండాలంది. మరుసటి ఏడాదికల్లా ఓపెన్ ఫర్మ్‌వేర్‌నే ఆపేస్తారేమో అన్నంత భయం పుట్టింది, అలా కాదని ఎఫ్‌సీసీయే వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. అయినా అమెరికా మోడళ్లకి కంట్రీ కోడ్ ఫ్యాక్టరీలోనే లాక్ చేయడం మామూలైపోయింది. కొందరు దొంగదారి పట్టినందుకు తాళం అందరి తలుపుకీ పడింది. మన రేడియోల మీద మన పెత్తనం మిగలాలంటే, ముందు రాడార్‌కి దారి వదలడం మనమే నేర్చుకోవాలి.